రెండో చెవి

ఒక చప్పుడు నేను నిజంగా విన్నానా, విన్నానని అనుకున్నానా అన్న అనుమానం నాకు పదమూడేళ్ళపాటు ఉండేది. దేవుడి దగ్గర దీపం వెలిగించి కళ్ళు మూసుకున్నా అది వదిలేది కాదు. సింహాద్రి అప్పన్న రూపం రావలసిన చోట తడిసిన ఇనప చక్రం ఒకటి వచ్చి నిలబడేది.

టాటానగర్ రైల్వే యార్డులో నాది చక్రాలు తట్టే పని. బండి ఆగగానే పొడుగు పిడి సుత్తులు పట్టుకుని ఈ పక్కన ఒకరం, ఆ పక్కన ఒకరం బండి పొడవునా నడుస్తాం. ప్రతి చక్రాన్నీ తట్టి వింటాం. బాగున్న చక్రం గంటలా మోగుతుంది. పగులున్న చక్రం బీటవారిన కుండలా పలుకుతుంది. అనుమానం వస్తే అవతలి పక్కవాణ్ణి పిలవాలి. అతను కూడా తట్టి చూసి ఒప్పుకుంటేనే ఆ వేగన్ మీద సుద్దతో ‘సిక్’ అని రాసి, బండి నుంచి విడదీస్తారు. అలా ఒప్పుకునేవాణ్ణి మావాళ్ళు రెండో చెవి అంటారు.

నేను జగ్గారావుకి రెండో చెవిని. అతని చెవి మీద యార్డులో అందరికీ గురి ఉండేది. 1974 వానాకాలంలో ఒకరోజు గూడ్సు బండి చక్రం ఒకటి తట్టి నన్ను పిలిచాడు. వానలో వంగి నేనూ తట్టాను. తల ఊపాను. అతను ‘సిక్’ రాశాడు. బండి రెండు గంటలు ఆగింది. మర్నాడు ఆ చక్రం విప్పి చూస్తే ఎక్కడా పగులు కనిపించలేదు. ఇద్దరూ విన్నారా అని పైవాళ్ళు అందరి ముందూ అడిగారు. విన్నామన్నాడు జగ్గారావు. "నాకు సరిగ్గా వినబడలేదు, అతనన్నాడని తల ఊపాను" అన్నాను నేను.

ఎవరూ ఎవర్నీ శిక్షించలేదు. నవ్వారంతే. ‘కాన్ కా కచ్చా’ అని అతనికి పేరు పెట్టారు. చెవి పచ్చివాడట, లేనిది వింటాడట. మూడు నెలలు ఆ పేరు భరించి, అతనే అడిగి, సిగ్నల్ లాంతర్లు తుడిచే దీపాల గదికి మారిపోయాడు. నన్ను మాత్రం ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. పండక్కి వాళ్ళింటి నుంచి బూరెలు ఎప్పటిలాగే వచ్చేవి. ఆ బూరెలు నేను ముట్టేవాణ్ణి కాదు, ఎందుకో మా ఇంట్లో వాళ్ళకి కూడా తెలియదు.

1987లో, అతను ఇంక నెలలో రిటైరవుతాడనగా, వాళ్ళమ్మాయి జగదాంబ ఒక యంత్రం ఇంటికి తెచ్చింది. ఆ పిల్ల బిష్టుపూర్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. క్లాసు వాళ్ళు మూడు వారాలకి వాడుకోమని ఇచ్చారట. పళ్ళెమంత డబ్బా, దాని మీద అక్షరాల మీటలు. దాన్ని టీవీకి తగిలించి, టేప్ రికార్డర్లో కేసెట్ పెడితే కీచురాళ్ళ గుంపు అరిచినట్టు అయిదు నిమిషాలు అరిచి, తర్వాత ఓడల్ని ముంచే ఆట వస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం. బయట ముసురు. కిటికీకి దుప్పటి కట్టారు. టీవీ నిండా చీకటి, మధ్యలో సన్నని పచ్చగీత. గదంతా ఆ పచ్చదనమే. గోడ మీది కేలెండరు, కుర్చీలు, మా చేతులు, అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టున్నాయి.

"ఇందులో ఓడేదమ్మా?" అన్నాను.

"దిఖేగా నహీ మావయ్యా. కనపడదు, వినాలి" అంది జగదాంబ. "మనం నీళ్ళ కింద సబ్‌మెరైన్‌లో ఉన్నాం."

ఆమె మీట నొక్కితే టింగ్‌మని ఒక చప్పుడు వెళ్ళింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరం నుంచి టింగ్‌మని తిరిగి వచ్చింది. ఓడకి తగిలి వెనక్కి వస్తుందట అది. త్వరగా వస్తే ఓడ దగ్గరున్నట్టు, ఆలస్యమైతే దూరమున్నట్టు. మన సబ్‌మెరైన్ ఓడ వైపు తిరిగితే గట్టిగా, పక్కకి తిరిగితే మెత్తగా వినిపిస్తుంది. రాళ్ళూ చేపల గుంపులూ కూడా చప్పుడు తిప్పిపంపుతాయి గానీ ఆ పలుకు వేరు. మన దగ్గర నాలుగే టార్పీడోలు. గురి తప్పినా, ఆలస్యం చేసినా పైనున్న ఓడకి మన జాడ తెలుస్తుంది. అప్పుడది బాంబులు జారవిడుస్తుంది.

వంటగది గుమ్మంలోంచి జగ్గారావు భార్య సన్యాసమ్మ చూసి చేతులు తిప్పింది.

"ఎనకటికొక రాజు సప్పుడిని బాణమేసి ఏటి తెచ్చుకున్నాడో ఎరుగుదురా? ఇద్దరు ముసిలోలు! అవునే, ఆ ఓడలో మనుసులుంటారేటి?"

"కోయీ నహీ అమ్మా, ఎవరూ ఉండరు, గేమ్ హై."

"సూడకుండానే ఎలా తెలుసే నీకు?"

జగదాంబ నవ్వేసింది. ఆ ప్రశ్న మాత్రం నాలో ఉండిపోయింది. రోజూ ఇంట్లో గంట మోగించి, తిరిగి ఏదో వస్తుందని కూర్చునేవాణ్ణి నేను. చూసి మొక్కుతున్నానా? అక్కడ ఉన్నారనుకోవడం భక్తి అయితే, ఇక్కడ లేరనుకోవడాన్ని ఏమనాలి?

జగ్గారావు కళ్ళు మూసుకున్నాడు. తల కొంచెం ఎడమకి వాల్చాడు. పదమూడేళ్ళుగా నేను చూడని వాలు అది. చప్పుడు తిరిగి రాగానే అతని వేలు లేచి గాలిలో ఒక వైపు చూపించింది. అది సరిగ్గా ఓడ ఉన్న చోటే. జగదాంబ మీట మీద చెయ్యి వేసేలోపు అతను వేలు దించేశాడు.

"నేదులే. నాకేటి తెలుసు? బావా, నువ్వు సెప్పు."

నేను నోరు తెరిచేసరికి ఓడ దాటిపోయింది. తెర భగ్గున తెల్లబడింది. మేం మునిగిపోయాం.

ప్రతిసారీ అంతే. వేలు లేచేది, దిగేది. "నువ్వు సెప్పు బావా." మళ్ళీ మునిగేవాళ్ళం.

"పాపాకో మాలూమ్ హై, బోల్తే నహీ" అని విసుక్కుంది జగదాంబ. నాన్నకి తెలుసు, చెప్పడు.

"ఆ సెవులు నమ్ముకునే కదా దీపాల గదిలో కిరసనాయిలు తుడుత్తన్నారు" అంది సన్యాసమ్మ. జగ్గారావు అందరికంటే ముందు తనే నవ్వాడు.

అతనెందుకు చెప్పలేడో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. అతని చెవి చెడలేదు. దాని మీద నమ్మకం పోయింది. తీసుకుపోయినవాణ్ణి నేను. అతను ఆ నమ్మకం లేకుండానే రిటైరై వెళ్ళిపోతాడా అన్నది ఆ రోజు నుంచీ నాకు పెద్ద బెంగయింది.

ఆ వారం రాత్రి డ్యూటీ దిగి పగలు పడుకుంటే కల వచ్చింది. యార్డు నిండా పచ్చటి నీళ్ళు. పట్టాల మీద వేగన్లకి బదులు ఓడలు వరసగా ఆగి ఉన్నాయి. నేను నీళ్ళలో మెల్లగా తేలుతూ ఒక్కొక్క ఓడ అడుగునా సుత్తితో తడుతున్నాను. ఒక ఓడలోంచి ఎవరో తిరిగి తట్టారు. నేను రెండు కొడితే రెండు, మూడు కొడితే మూడు. ఉన్నారు, లోపల మనిషున్నాడు అని అరవబోతే నా నోట్లోంచి బుడగలు వచ్చాయి. అవి దీపాల్లా వెలుగుతూ పైకి పోతుంటే ఎంతో హాయిగా చూస్తూ ఉండిపోయాను. లేచాక ఆ హాయికి సిగ్గు వేసింది.

మూడో ఆదివారం ఆఖరుది. మర్నాడు యంత్రం తిరిగి ఇచ్చెయ్యాలి. మూడు టార్పీడోలు వృథా అయ్యాక ఒకటి మిగిలింది. జగదాంబ మీట నొక్కింది. కుడికి తిరిగినప్పుడు చప్పుడు గంటలా తిరిగి వచ్చింది. ఎడమకి తిరిగినప్పుడు, మందంగా, గుడ్డ కట్టిన సుత్తితో కొట్టినట్టు ఇంకొకటి. అది నేను విన్నాను. స్పష్టంగా విన్నాను. జగ్గారావు వేలు ఎడమకి లేచింది.

"లెఫ్ట్ మే కుఛ్ నహీ హై పాపా. ఓడ కుడి పక్కనే" అంది జగదాంబ.

ఆ మాట పూర్తయీ కాకముందే నాలో ఒక విచిత్రం జరిగింది. ఎడమ పక్క చప్పుడు వినబడలేదేమో అనిపించడం మొదలైంది. చూస్తుండగానే, నీళ్ళలో ఉప్పు కరిగినట్టు, నేను విన్నది కరిగిపోతోంది. ఇంకో నిమిషం పోతే, వినలేదని ఒట్టు వేసి చెప్పగలను. అది కూడా అబద్ధమని తెలియకుండానే.

అనుమానం ఎలా పుడుతుందో అప్పుడు చూశాను. పదమూడేళ్ళ కింద నాకు జరిగింది ఇదే.

"ఉంది" అన్నాను. "ఎడమ పక్క ఉంది, నేనూ విన్నాను. బావా, ఆ వేళ చక్రం కూడా విన్నాను. కుండలాగే పలికింది. పగులు లేదనేసరికి భయపడి వినలేదన్నాను."

జగ్గారావు కళ్ళు తెరవలేదు. టీవీలో టింగ్ టింగ్‌మని చప్పుళ్ళు పోతున్నాయి, వస్తున్నాయి. రెండింటి మధ్యా ఎడం తగ్గుతోంది. జగదాంబ చెయ్యి మీట మీదే ఉంది గానీ చూపు మా మీద ఉంది. భగ్గున తెర తెల్లబడింది.

"బాంబు లెఫ్ట్ సే ఆయా" అంది ఆ పిల్ల చిన్నగా.

"నీకు ఇనబడిందని నాకు ఆయేలే తెలుసు బావా" అన్నాడు జగ్గారావు. "వంగున్నప్పుడు నీ మొకం సూసినాను కదా. కానీ నువ్వు నేదన్నాక... ఒక యేడు పోయింది, రెండేళ్ళు పోయినాయి. నేదేమో అనుకున్నాను. ఆకరికి ఇంట్లో గిన్నె పడ్డా, పడిందా నేదా అని దీన్నే అడిగేవోణ్ణి."

అన్నం మధ్యలో లేచొచ్చిన సన్యాసమ్మ గుమ్మంలో చతికిలబడింది. ఎంగిలి చెయ్యి అలాగే ఎండిపోతోంది.

"ఓలమ్మ! నా నోటితో నేనెన్నిసార్లు సెవిటోడన్నాను! ఇంత కాలం ఎలా దాసినావు అన్నయ్యా?"

నేను లేచి టీవీ చప్పుడు తగ్గించాను.

"మాకు సెప్తే ఏటొచ్చింది?" అంది ఆవిడ ముక్కు చీదుకుని. "ఈయనకి పేరెట్టింది మేమా? యార్డులో సెప్పు. అందరూ ఇన్న కాడ సెప్పు."

"ఒద్దులేవే. నెలాకరికి ఎల్లిపోతన్నాను కదా" అన్నాడు జగ్గారావు.

"ఎల్లిపోతన్నారనే!"

సోమవారం ఆరింటికి డ్యూటీలు మారే వేళ. యార్డు గేటు దగ్గర టీ కొట్టు ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. ఆ పేరు పెట్టినవాళ్ళలో నలుగురయిదుగురు ఇంకా అక్కడే పని చేస్తున్నారు. జగ్గారావు గ్లాసు పట్టుకుని, నావైపు చూడకుండా, చివర నిలబడ్డాడు. నేను బల్ల పక్కకి వచ్చి నిలబడ్డాను. నాకు వచ్చిన హిందీలో, చౌహత్తర్ సాల్ బారిశ్ మే ఓ చక్కా, డెబ్భై నాలుగు వానల్లో ఆ చక్రం, అని మొదలుపెట్టాను. జగ్గారావు ఠీక్ సునా థా, మైనే భీ సునా థా, ఝూఠ్ మై బోలా. అతను సరిగ్గానే విన్నాడు, నేనూ విన్నాను, అబద్ధమాడింది నేను అని.

సరిగ్గా అప్పుడే షంటింగ్ ఇంజన్ కూత పెట్టింది. నా మాటలు సగం దాంట్లో కలిసిపోయాయి. క్యా బోలా, క్యా బోలా అని ఎవరో అడుగుతున్నారు. కూత ఆగేదాకా ఆగి, గొంతు పెంచి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.