వేడి ఎవరి పెట్టెలోది

ఒంటినిండా సబ్బు పూసుకున్నాకే వేడినీళ్ళు ఆగిపోవాలన్న నియమం ఎవరు పెట్టారో గానీ, ఆ మహానుభావుడి కళ్ళలో జీవితాంతం నురగ పడాలి. చిన్నల్లుడికి ఆ మహానుభావుడెవరో తెలుసు. పైవాటాలో ఉండే పెద్దల్లుడు.

ఇద్దరూ అత్తగారింట్లోనే ఉంటారు, ఒకరు కింద, ఒకరు పైన. ఆఫీసూ ఒకటే. కోడ్ రాయడం రానివాళ్ళు తెరమీద పెట్టెలు పేర్చి, వాటి మధ్య తీగలు గీసి ప్రోగ్రాములు చేసుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. పరీక్షకని దాన్ని ఇంట్లో గీజరుకీ, చేపల తొట్టికీ తగిలించారు. చిన్నల్లుడు బాత్రూం పెట్టెలో "వేడి" అని పేరు పెట్టి నలభై రెండు డిగ్రీలు వేసుకున్నాడు. పెద్దల్లుడు చేపల తొట్టి పెట్టెలో అదే పేరు పెట్టి ఇరవై నాలుగు వేశాడు. ఒక పెట్టెలో అన్న మాట ఇల్లంతా చెల్లాలన్నది ఆయన సిద్ధాంతం. దాంతో చేపలకు హాయిగా ఉండే నీళ్ళతో చిన్నల్లుడి స్నానం పూర్తయింది.

తువ్వాలుతోనే మేడెక్కాడు.

"అన్నయ్యా, నా వేడి మార్చేశావు."

"నీ వేడేంటి తమ్ముడూ, నా వేడేంటి. ఒకింట్లో ఉంటూ నీదీ నాదీ అంటే అత్తయ్యగారు బాధపడరూ?" పెద్దల్లుడు చేపలకు మేత వేస్తున్నాడు.

"ఏ పెట్టెలో పుట్టిన పేరు ఆ పెట్టెలోనే ఉండాలి. బయటివాళ్ళకి కావాలంటే తీగ గీసి ఇవ్వాలి."

"ఈ బుద్ధికే నిన్నెవరూ పెళ్ళిళ్ళకి పిలవరు."

ఆఫీసులో ఆ వారం తేలాల్సిందీ ఇదే. ఎవరి నియమం గెలిస్తే వాళ్ళు డిజైన్‌కి పెద్ద, రెండోవాళ్ళు వాళ్ళ చేతికింద. కంపెనీ నడిపే మేడమ్ పంచాయితీ తేల్చలేక, కస్టమర్ మెచ్చిందే నియమం అనేసింది.

"ఓడిపోయి వచ్చావంటే అక్క నాతో ఎలా మాట్లాడుతుందో తెలుసా?" అంది చిన్నల్లుడి భార్య.

"ఇప్పుడెలా మాట్లాడుతోంది?"

"ఇప్పుడసలు మాట్లాడదు. అదే నయం."

చిన్నల్లుడు పట్టుదలగా ఒక లెక్కపెట్టె తయారుచేశాడు. అందులో ఉండేది జవాబు కాదు, లెక్కే. "వేడికి మూడు కలుపు" అని రాసి మూసేస్తే, దాన్ని ఎక్కడికి మోసుకెళ్ళి విప్పినా తాను పుట్టిన పెట్టెలోని వేడికే మూడు కలుపుతుంది, పుట్టింటిని మరవని ఆడపడుచులాగా. పెద్దల్లుడు దాన్ని ఎత్తుకెళ్ళి ఒక్కటే మార్చాడు. ఆయన పెట్టె ఆఖరున ఎవరు ఏ వేడి వేస్తే దాన్నే పట్టుకుంటుంది, ఎవరు చివర మాట్లాడితే వాళ్ళకి తలూపే ఇల్లరికపుటల్లుడిలాగా.

కస్టమర్ లాండ్రీల యజమాని. ముందు చిన్నల్లుడు చూపించాడు. పట్టుబట్టలకొక పెట్టె, దుప్పట్లకొక పెట్టె. రెండిటిలోనూ వేడి ఉంది, దేని వేడి దానిదే.

లాండ్రీ ఆయన దుప్పట్ల వేడి మార్చి చూశాడు. "ఇక్కడ మార్చాను. పట్టులో మారలేదేం?"

"అది వేరే వేడండీ."

"పేరు అదే కదా?"

"పేరొక్కటే. మనుషులు వేరు."

"అంటే మీ సాఫ్ట్‌వేర్ చెప్పిన మాట వినదన్నమాట."

తర్వాత పెద్దల్లుడు లేచి దుప్పట్ల పెట్టెలో తొంభై వేశాడు. పట్టు పెట్టెలోనూ తొంభై అయి కూర్చుంది. తోడల్లుడు తన గోతిలో తనే పడ్డాడని చిన్నల్లుడు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ సుఖం ఎంతోసేపు లేదు.

"ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారింది. ఇదండీ నాక్కావలసింది," అన్నాడు లాండ్రీ ఆయన.

"సార్, పట్టు ఉడికిపోతుంది."

"నువ్వుండవయ్యా. ఆయన అర్థమయ్యేటట్టు చెబుతుంటే."

మేడమ్ అక్కడికక్కడే పెద్దల్లుణ్ణి డిజైన్‌కి పెద్దను చేసేసింది. ఆయన తమ్ముణ్ణి పక్కకు పిలిచి భుజం మీద చెయ్యేశాడు.

"ప్రతి పెట్టె అడుగునా ఈ నియమం ఎవరు చేశారో పేరు వేస్తారట. నీ పేరు వెయ్యమంటాను. కష్టపడ్డావు కదా."

"నియమం నీది కదన్నయ్యా."

"నువ్వొకటి నేనొకటీనా? రేపు పొద్దున చెప్పు చాలు."

మొదటి పట్టుచీర ముడుచుకున్న రోజున లాండ్రీ ఆయన వెతికేది ఆ పేరునే. ఈ సంగతి పెద్దల్లుడికి తెలుసు, చిన్నల్లుడికి తెలుసు. తెలియనిది ఇంట్లోవాళ్ళకే.

"పెద్దల్లుడి మనసు వెన్న," అంది అత్తగారు అప్పటికే నలుగురికి ఫోన్లు చేసేసి. "గెలిచీ తమ్ముడి పేరు పెడతానన్నాడు."

"అక్క ఇవాళ నాతో మాట్లాడింది," అంది భార్య. "నువ్వు వద్దన్నావంటే ఈ ఇంట్లో నేనెలా తిరగను?"

చిన్నల్లుడు లోకల్, గ్లోబల్ అంటూ ఏదో మొదలుపెట్టాడు. మేలు చేసినా గుర్తించని మనిషని అత్తగారు నిట్టూర్చి, ఐదో ఫోన్ అందుకుంది.

ఒప్పుకుంటే ఉడికిన ప్రతి పట్టుబట్టా చిన్నల్లుడి నెత్తి మీదికే వస్తుంది. వద్దంటే ఇంట్లో కృతఘ్నుడు, ఆఫీసులో అసూయాపరుడు. కథ చెప్పేవాణ్ణే గానీ నాకూ దారి తోచడం లేదు. తోడల్లుడి చేతికింద ఉద్యోగం చేసి బతికి బట్టకట్టినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, మీకు పుణ్యముంటుంది, పేరు వేయించుకోవాలో వద్దో పొద్దుటిలోగా చెప్పండి. తోడల్లుళ్ళు లేనివాళ్ళు మాత్రం దయచేసి సలహాలివ్వకండి.