నురగ కింద ముఖం

అప్పటికి సబ్బు ఆరు గడ్డాలు గీశాడు. ఆపరేషన్‌కు వెళ్లే రోగులకు గడ్డం గీసి సిద్ధం చేయడం అతని పని. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే ఆసుపత్రి, నీళ్లలో నాని పాలిపోయిన అవే వేళ్లు. సబ్బు అన్నది చేతిలో ఉన్నదాన్ని చూసి కాదు, నోట్లో ఉన్నదాన్ని చూసి నర్సులు పెట్టిన పేరు. కనబడిన ప్రతి రోగినీ మునగచెట్టు ఎక్కిస్తాడు.

"ఊరందరికీ సబ్బు, ఇంటికొస్తే గరుకు కాగితం" అంటుంది భార్య.

ఏడో మంచం మీద ఒక రిటైరైన మేనేజరు ఉన్నాడు. మెడకు ఆపరేషన్. దవడలు బిగించి పైకప్పు చూస్తున్నాడు.

"ఎంత ఒత్తైన గడ్డమండీ, ఈ వయసులో..."

"ఆపవయ్యా. ముప్పై ఏళ్లు విన్నాను ఇలాంటివి. నేను జోకేస్తే గదంతా పడి పడి నవ్వేది. కుర్చీ దిగాక ఒక్క ఫోను లేదు. నన్ను పొగిడితే నీకేమొస్తుంది?"

కుంచె గిన్నెలోనే ఆగింది. ఆ ప్రశ్న ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

"చేరిన కొత్తలో ఒకాయన భయంతో బిగుసుకుపోతే చెంప తెగిందండీ. తర్వాతాయనతో మీసం బాగుందన్నాను. నవ్వాడు. చెంప వదులైంది, కత్తి సాఫీగా పోయింది. అలా అలవాటైపోయింది."

"అబద్ధాలు చెప్పి గీస్తావన్నమాట."

"లేదండీ, ఉన్నదే చెప్తాను. కాకపోతే వెతుక్కోవాలి."

ఆ మాట అన్నాక, భార్య ముఖంలో తాను చివరిసారి ఎప్పుడు వెతికాడో సబ్బుకు గుర్తు రాలేదు.

"సరే, వెతుకు. దొరక్కపోతే నోరు మూసుకుని గీయి" అన్నాడు మేనేజరు.

నురగ కింద నుంచి ముఖం కొంచెం కొంచెంగా బయటపడింది. ఎండిన పెదవులు, లోపలికి పోయిన బుగ్గలు, చెవి పక్కన పాత మచ్చ. చెప్పదగ్గది ఏదీ కనిపించలేదు. ఒక అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. తువ్వాలుతో మెడ తుడవడం మొదలుపెట్టాడు.

"దొరకలేదా?" అన్నాడు మేనేజరు, నవ్వు ఆపుకుంటూ.

సబ్బు వంగి చూశాడు.

"నవ్వు ఆపుకుంటే ఎడమ చెంపకి సొట్ట పడుతోందండీ. కుడివైపు లేదు. ఎవరూ చెప్పలేదా?"

మేనేజరు ఎడమ చెంప తడుముకున్నాడు.

"నిజంగా పడుతోందా?"

"పడుతోందండీ."

మధ్యాహ్నం సబ్బు మళ్లీ వార్డుకు వచ్చేసరికి ఏడో మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"ఆపరేషన్ మధ్యలో గుండె ఆగిపోయిందట" అంది నర్సు, దుప్పటి మడతపెడుతూ. "తీసుకెళ్లే ముందు నా అద్దం అడిగి పుచ్చుకున్నారు. ముఖం ఒక పక్కకి తిప్పుకుని ఎంతసేపు చూసుకున్నారో."

మంచం పక్క స్టూలు మీద అరచేతంత గుండ్రటి అద్దం వెల్లకిలా ఉంది. దాని అంచున తడి ఆరిన వేలిముద్ర, నడుమ తిరుగుతున్న ఫ్యాను.