పూజలో పెట్టిన మెగ్గర్

చంద్రశేఖర్ పరీక్ష చేయందే జంషెడ్‌పూర్ బర్మామైన్స్ బస్తీలోని ఆ షెడ్డు నుంచి ఒక్క మోటారు బయటికి పోదు. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టి స్టీలు ప్లాంటుకు తిరిగి పంపే షెడ్డు అది. యజమాని సోమేశ్వరరావు, చంద్రశేఖర్ భార్య శైలజకు సొంత అన్న. చుట్టం కాబట్టి పనిలో పెట్టుకున్నాడని బస్తీలో అందరూ అంటారు. చుట్టం కాబట్టే మాటకు మాట చెప్పి బయటికి పోలేడన్న సంగతి సోమేశ్వరరావుకు బాగా తెలుసు, కానీ ఆ మాట ఎవరూ అనరు.

ఆ రోజు విశ్వకర్మ పూజ. జంషెడ్‌పూర్‌లో ఆ రోజు పనిముట్టును ముట్టుకునే మొనగాడు లేడు. స్క్రూడ్రైవర్ దగ్గర్నుంచి తీగ చుట్టే మిషను దాకా అన్నింటినీ కడిగి, సింధూరం పెట్టి, బంతిపూలు వేసి దేవుడి ముందు ఉంచుతారు. చంద్రశేఖర్ మెగ్గర్ కూడా అక్కడే ఉంది. చేత్తో పిడి తిప్పితే ఐదువందల వోల్టులు పుట్టించి, కరెంటు దాటకూడని చోట అడ్డు గట్టిగా ఉందో లేదో ముల్లుతో చూపించే పెట్టె అది. ముల్లు అటు చివరికి పోతే మంచిది, సున్నా మీద పడితే ఆ మోటారు మళ్లీ చుట్టాల్సిందే.

ఏటా పూజ అయ్యాక సోమేశ్వరరావు పనివాళ్లకు స్టీలు గిన్నో దుప్పటో పంచేవాడు. ఈసారి ఆయనకు కొత్త బుద్ధి పుట్టింది. ఫోను చార్జర్లు తెప్పించాడు. ఒక్కో డబ్బా మీద తన ఫోటో వేయించుకున్నాడు. డబ్బాలో సరుకు ఎలా ఉన్నా ఫోటో మాత్రం బాగా వచ్చింది.

హారతి అయిపోయింది, పంతులు వెళ్లిపోయాడు. కడిగిన నేల ఇంకా ఆరలేదు. అందరూ వట్టికాళ్లతో నిలబడ్డారు.

"శేఖరూ, నీ జేబులో మీటరుందిగా, ఓపాలి పెట్టి సూపించు. మనం నాసిరకం సరుకు ఇవ్వడం లేదని అందరికీ తెల్వాల" అన్నాడు సోమేశ్వరరావు.

జేబులోది బొటనవేలంత యూఎస్‌బీ మీటరు. చంద్రశేఖర్ సరదా కొద్దీ కొనుక్కున్నది. షెడ్డు సామాను కాదు కనుక దానికి సింధూరం తప్పింది. అతను ఒక డబ్బా విప్పి, చార్జర్ గోడకు పెట్టి, దానికి మీటరు, మీటరుకు తన ఫోను తగిలించాడు. వోల్టులు ఐదు దగ్గర కదలకుండా నిలిచాయి. ఆంపియర్లు గబగబా రెండు దాకా ఎక్కాయి.

"దేఖో, దో ఆంపియర్! ఏక్‌దమ్ ఫాస్ట్!" అని అరిచాడు మనోజ్. తీగ చుట్టడంలో షెడ్డులో వాడే మేటి.

"సూసినారా? నానంటే అబద్ధమాడతాను గానీ మీటరాడదు కదా" అన్నాడు సోమేశ్వరరావు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఫోను తీయబోయిన చంద్రశేఖర్ వేళ్లకు సన్నగా జివ్వుమంది. మంచి చార్జర్లతో కూడా ఒక్కోసారి అలా అవుతుంది, అతనికి ఆ సంగతి తెలుసు. కానీ ఇది అదో కాదో ఈ చిన్న మీటరు చెప్పదు. ఫోనుకు ఎంత కరెంటు పోతోందో చెబుతుంది తప్ప, గోడలోని కరెంటు ఫోను దాకా వచ్చే దారి ఉందో లేదో దానికేం తెలుసు?

"బావా, ఓ నిమిషం ఆగు. ఇయ్యి ఇప్పుడే పంచకు. మెగ్గర్ పెట్టి సూడాల."

"ఇయ్యాల మెగ్గరేటి? రేపు సూద్దువు గాని."

"రేపటికి ఇయ్యి అందరి ఇళ్లల్లో ఉంటాయి."

ఆ ఇళ్లు అతనికి కొత్త కాదు. తనదీ అలాంటిదే. వానాకాలం పోయేదాకా గోడలు చెమ్మగా ఉంటాయి, ఎర్తు తీగ అన్నది పేరుకు కూడా ఉండదు. డ్యూటీ నుంచి వచ్చినవాడు చార్జర్ పెట్టిన ఫోనును గుండెల మీద పెట్టుకునే నిద్రపోతాడు. ఆ గుండెలు గుర్తొచ్చాక అతను ఇంకేమీ ఆలోచించలేదు. దేవుడి ముందుకు వెళ్లి, బంతిపూలు పక్కకు తీసి, మెగ్గర్ ఎత్తుకున్నాడు.

షెడ్డంతా నోరు తెరిచింది.

"ఏటండీ ఇది! పూజలో పెట్టింది తీత్తారా? అన్నయ్య ముందర నా తల తీసేత్తన్నారు" అంది పూజకొచ్చిన శైలజ, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

అతను వినలేదు. చార్జర్ పిన్నులకు ఒక తీగ, యూఎస్‌బీ నోటికి ఇంకో తీగ పట్టి పిడి తిప్పాడు. మొదటిదానికి ముల్లు అటు చివరికి పోయింది. హమ్మయ్య అనుకున్నాడు. రెండోదానికి సున్నా మీద పడింది. ఇంకో మూడు చూశాడు. వాటిలోనూ ఒకటి పడింది. పైకి చూస్తే అన్నీ ఒకటే, అన్నింటి మీదా అదే ఫోటో.

ముల్లు పడిన ఒకదాన్ని ఇటుకతో పగలగొట్టి లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ విప్పాడు. గోడ కరెంటు తీగ మీదనే ఫోను వైపు తీగను చుట్టేశారు.

"మనోజూ, నువ్వు సెప్పరా. మధ్యన పేపరేదీ?"

మనోజ్ దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. మోటారులో కరెంటు దాటకుండా తీగల మధ్య అడ్డు పేపరు ఎక్కడ పెట్టాలో వాడికి ఒకరు నేర్పక్కర్లేదు. చూశాడు, అర్థం చేసుకున్నాడు, తలెత్తి సోమేశ్వరరావు మొహం కూడా చూశాడు.

"మోటర్ అలగ్ చీజ్ హై భయ్యా. యే తో ఛోటా సా చార్జర్ హై" అని తిరిగి ఇచ్చేశాడు. మోటారు వేరు, ఈ బుల్లి చార్జర్ వేరట! చంద్రశేఖర్‌కు ఒళ్లు మండిపోయింది. సోమేశ్వరరావు మీద కంటే వీడి మీదే ఎక్కువ మండింది.

సోమేశ్వరరావు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అందరి వైపూ తిరిగి, నచ్చజెప్పే గొంతుతో అన్నాడు:

"దేవుడికి ఇచ్చేసిన పనిముట్టు ఇయ్యాల పని సేత్తాదేటి? అది ఏటి సెప్పినా లెక్కలోకి రాదు. సిన్న మీటరు పూజలో లేదు, దాని మాట నిజం. ఏటంటారు?"

అవునవునన్నారు. ఇన్నేళ్లుగా అదే మెగ్గర్ మాట మీద నమ్మకంతో మోటార్లకు స్విచ్చి వేసినవాళ్లు! దేవుడికి కోపం వస్తుందని అందరికీ భయమే, కరెంటుకు కోపం వస్తుందన్న భయం మాత్రం ఒక్కడికీ లేదు. ఎవరో పసుపునీళ్లు తెచ్చి మెగ్గర్ మీద చల్లి, దాన్ని మళ్లీ దేవుడి ముందు పెట్టేశారు.

అతను పరీక్ష చేసినవాటినీ మిగతావాటిలో కలిపేసి పంపకం మొదలుపెట్టారు. వరసలో వచ్చి, సోమేశ్వరరావుకు దండం పెట్టి, ఒక్కొక్కరే డబ్బా పుచ్చుకున్నారు. మనోజ్ కూడా పుచ్చుకున్నాడు, చంద్రశేఖర్ వైపు చూడకుండా. చంద్రశేఖర్ చేతిలోనూ ఒకటి కుక్కారు.

చివర్లో తవిటమ్మ వచ్చింది. షెడ్డు ఊడ్చే మనిషి. ఇంతసేపూ వెనకాల కుళాయి దగ్గర ప్రసాదం గిన్నెలు తోముతూ ఉండిపోయింది.

"నాదేదీ బాబూ?"

"మీ శేఖర్‌బాబును అడుగు. నీది ఇటుకతో ఇరగ్గొట్టేసినాడు" అన్నాడు సోమేశ్వరరావు నవ్వుతూ.

ఆమె మొహం చిన్నబోయింది. చంద్రశేఖర్ గబగబా సంచిలోంచి తన సొంత చార్జర్ తీశాడు. అన్ని పరీక్షలూ చేసి, ఏళ్లుగా వాడుతున్నది.

"ఇది తీసుకో తవిటమ్మా. వాటికన్నా ఇదే మంచిది. అవి షాకు కొడతాయి."

"మరి అందరూ ఏల తీసుకున్నారు?"

అతను మనోజ్ వైపు చూశాడు. వాడు తన డబ్బాను సంచిలో సర్దుకుంటున్నాడు.

"పండగపూట అందరికీ కొత్తదీ, నాకు పాతదీనా? ఊడ్సేదాన్ననే గదా" అందామె. కళ్లనిండా నీళ్లు. గొడవకు దిగి ఉంటే అతను నిలబడేవాడే. ఆమె మాట తగ్గించుకుని, అలవాటైన అవమానాన్ని మింగినట్టు తల దించుకుంది. షెడ్డంతా అతని చేతిలోని కొత్త డబ్బానే చూస్తోంది.

"సరే, ఇస్తాను. ముందు ఓపాలి మెగ్గర్ పెట్టి..." అంటూ దేవుడి వైపు కదిలాడు.

తవిటమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు బాబూ! మళ్లీ దేవుడి కాడిది తియ్యకు. నా గురించి ఆ పాపం నీకొద్దు."

ఇంకెవరు ఆపినా అతను ఆగేవాడు కాడు. తన మేలు కోరి ఆపిన మనిషిని ఏమని విదిలించుకుంటాడు? డబ్బా ఇచ్చేశాడు. తడిచేత్తో ముట్టుకోకు, పక్కలో పెట్టుకుని పడుకోకు అని చెబుతూనే ఉన్నాడు. ఆమె డబ్బాను కళ్లకద్దుకునే పనిలో ఉంది.

"నీ పిల్లలు సల్లగుండాల బాబూ" అంది.

ఈ చేతుల మీదుగా పరీక్ష కాకుండా ఏదీ బయటికి పోలేదు, ఇవాళ్టిదాకా. చంద్రశేఖర్‌కు ఏడుపొచ్చింది, ఏడవడానికి సిగ్గేసింది. తవిటమ్మ గేటు దాటుతూ, ఎదురొచ్చిన ఆటో అతన్ని ఆపి డబ్బా చూపించింది. తన వంతుది పగిలిపోతే మా శేఖర్‌బాబే పిలిచి సొంతది ఇచ్చినాడని వాడికి గొప్పగా చెప్పుకుంది.