చెల్లెలిని తీసేసిన లెక్క

మా చెల్లెలు నెరైదా పోయిన రెండో నెలలో, వరద నీళ్ళు దిగగానే, డాక్టర్ బకేరో రాజధాని బొగోతా నుంచి ఫలితాలు పట్టుకుని పడవలో వచ్చాడు. అంతకుముందు మా ఊరి రక్తమంతా తీసుకెళ్ళింది ఆయనే. మా ఊళ్ళో ఒక జబ్బుంది. నడివయసులో చేతుల వణుకుతో మొదలై మనిషిని మంచాన పడేస్తుంది. నెరైదా పోయింది దానితోనే. దాని మూలం ఏ జన్యువులో ఉందో కంప్యూటరు పట్టిస్తుందన్నాడు. అది తేలితే నెరైదా కూతురు యులియెత్‌కి పరీక్ష చేయించవచ్చు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఆ పిల్ల అడిగేది ఒక్కటే: "పెద్దమ్మా, నాకూ వస్తుందా?"

బడిలో ఊరందరినీ కూర్చోబెట్టి, గోడ మీద మనిషికో చుక్క ఉన్న బొమ్మ వేసి చూపించాడు.

"క్షమించాలి. జబ్బున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య తేడా ఏదీ లెక్కల్లో తేలలేదు."

"ఇందులో మా చెల్లెలి చుక్క ఏది?" అన్నాను.

ఆయన లాప్‌టాప్‌లో వెతికాడు. "ఆవిడ లేరు టీచరుగారూ. దగ్గరి రక్తసంబంధీకులు ఇద్దరూ ఉంటే లెక్క చెడుతుంది. అందుకని ఒకరిని తీసేస్తాం. మిమ్మల్ని ఉంచాం."

వెనక బెంచీలోంచి జాలరి ఎవుస్తోర్హియో అందుకున్నాడు. "ఈ ఊళ్ళో ఎవరికీ చుట్టం కానిది చర్చి ఫాదరొక్కడే డాక్టరూ. ఆయన మీద కూడా మా ఆవిడకి అనుమానమే!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"జబ్బు మనిషిని తీసేసి నన్నెందుకు ఉంచారు?"

"ప్రోగ్రామే ఎంచుకుంటుందండీ. ఎవరి నమూనా బాగుంటే వాళ్ళని ఉంచుతుంది. ఆవిడ రక్తం సరిపడా రాలేదు."

ఎందుకు రాలేదో నాకు తెలుసు. రక్తం తీసిన రోజు దాని చెయ్యి పట్టుకున్నది నేనే. సూదిని నిలవనివ్వని వణుకు. నర్సు విసుక్కుని సగం గొట్టంతో సరిపెట్టింది. ఏ జబ్బు కోసం వెతికారో, ఆ జబ్బు ఉన్నందుకే మా చెల్లెలిని లెక్కలోంచి తోసేశారు.

"మిగతా ఇళ్ళల్లోనూ వణికే చేతులనే తీసేశారా?"

ఆయన చాలాసేపు మీటలు నొక్కాడు. "చాలామటుకు," అన్నాడు, గొంతు తగ్గించి.

నేను పాఠాలు చెప్పే ఆ గదిలో ఎన్నడూ గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను.

"రోగుల్ని బయటికి తోసేసి, రోగం కనబడలేదంటారా? ఇద్దరిలో ఒకరే ఉండాలంటే నన్ను తీసెయ్యండి. దాన్ని ఉంచండి. ఆ సగం గొట్టమే మళ్ళీ పరీక్షించండి. అందరివీ అలాగే చెయ్యండి."

"నెలలు పడుతుంది టీచరుగారూ."

"నేను ఆగుతాను," అంది యులియెత్. అరచేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, వణుకు దాచుకోవడానికి వాళ్ళమ్మ కూర్చున్నట్టే.

డాక్టరు ఆ పిల్ల వంక చూశాడు. తర్వాత తెర మీద నా పేరు కొట్టేశాడు.