కిటికీ కింద పిల్లి

ఆగయ్య చనిపోయిన నెలకు, ఆయన పెంచిన పిల్లి ఆయన గదిలోంచి బయటికి రావడం మానేసింది.

డిండోలిలో ఆ వీధి మధ్యాహ్నం పూట కాస్త సద్దుమణిగేది. సరిగ్గా అప్పుడే మొదలయ్యేది అరుపు. పిల్లి గొంతులా కాదు, మంచాన పడ్డ మనిషి మూలిగినట్టు ఉండేది. ఆగయ్య భార్య వెంకటవ్వ తలుపు సందులోంచి చూసేది. రాణి అని పిలుచుకునే ఆ పదమూడేళ్ల పిల్లి కిటికీ కింద కూర్చుని, ఖాళీ కిటికీ గట్టు వంక రెప్ప వేయకుండా చూస్తుండేది. ఆగయ్య రోజూ కుర్చీ వేసుకునేది ఆ కిటికీ దగ్గరే.

రాణి వెన్ను మీద బొచ్చు ఉండలు కట్టింది. ఒకరోజు వెంకటవ్వ దాని నడుం నిమరబోతే గిరుక్కున తిరిగి కరిచింది. ఎన్నడూ ఎవరికీ తన గోరు కూడా తగలనివ్వని పిల్లి!

"అది ఆగన్ననే సూస్తున్నది వదినా," అన్నాడు పక్కింటి అంబదాస్. "ఆ కమ్రా బంద్ వెట్టు."

వెంకటవ్వ ఆ గదిలో అడుగు పెట్టడం మానేసింది. తిండి గడప దగ్గరే పెట్టి తలుపు దగ్గరికి వేసేది. లోపల బండల మీద టిక్కు టిక్కుమని చప్పుడు. ఎవరో కర్ర ఊతంతో ఆగి ఆగి నడుస్తున్నట్టు.

ఆదివారం ఉధ్నా నుంచి కూతురు లత వచ్చింది. తల్లి వద్దంటున్నా లోపలికి వెళ్లి, గోడవారగా కూర్చుని చాలాసేపు పిల్లిని గమనించింది. రాణి గట్టు మీదికి దూకబోయింది. వెనక కాళ్లు వణికాయి. ఆగిపోయింది. అప్పుడు అరిచింది.

"అమ్మా, దయ్యం లేదు గియ్యం లేదు. దీనికి కాళ్లు నొస్తున్నయే. ఎక్కరాక ఏడుస్తున్నది. నడుం వంగక నాక్కుంటలేదు, గందుకే బొచ్చు గట్లయింది."

పశువుల డాక్టరు తుంటి కీళ్లు మెల్లగా వంచి చూసి అదే మాటన్నాడు. ముసలి పిల్లులు భరించలేనంత అయ్యేదాకా నొప్పిని దాచుకుంటాయట. పెరిగిపోయి బండలకు టిక్కు టిక్కుమని తగులుతున్న గోళ్లు కత్తిరించి, మందు రాసిచ్చాడు. మనుషుల నొప్పి మాత్రలు వేస్తే ప్రాణానికే ముప్పని హెచ్చరించాడు.

"నా మోకాళ్లు నొస్తే ఇల్లంత ఇనవడేటట్టు మొత్తుకుంట," అని వెంకటవ్వ కళ్లొత్తుకుంది. "దీన్ని వట్టుకొని దయ్యమంటిని గదనే!"

లత కిటికీ కింద చెక్కపెట్టెలు మెట్లలా పేర్చి వెళ్లింది. రెండు వారాలకు రాణి వాటి మీదుగా గట్టెక్కింది. అరుపు ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం వెంకటవ్వ చేపముక్కలు తీసుకుని గదిలోకి వెళ్లింది. రాణి గట్టు మీద కళ్లు మూసుకుని, మెడ చాచి గుర్రుగుర్రుమంటోంది. గాలి లేదు. చెవుల మధ్య బొచ్చు వేళ్ల కింద అణిగినట్టు అణిగింది. లేచింది. మళ్లీ అణిగింది.

వెంకటవ్వ నడుస్తున్నదల్లా ఆగింది. అయినా వెనక్కి తిరగలేదు.

"జర మెల్లగ," అంది, కిటికీ దగ్గర ఆగయ్య ఖాళీ కుర్చీ వైపు చూస్తూ. "నడుం దిక్కు పోకు. దానికి నొస్తది."