బస్సు దిగిన బాలమ్మ

ఆదివారం కావడంతో అచ్చంపేటలోని ఆడపిల్లల గురుకులం ముందు తల్లిదండ్రులు చాపలు పరుచుకుని, తెచ్చిన కూరలు పిల్లలకు కలిపి పెడుతున్నారు. బాలమ్మ బల్మూర్ నుంచి వచ్చింది. భర్త మాసయ్య పుణేలో రోడ్డు పనికి పోయినప్పటి నుంచి బిడ్డను చూడడానికి ఆమె ఒక్కతే వస్తోంది.

సుష్మిత ఏడో తరగతి. ఎప్పుడూ ఉరికొచ్చే పిల్ల ఆ రోజు గోడ పక్క నుంచి మెల్లగా వచ్చింది. ఉక్క పోస్తున్నా తలకు చున్నీ కప్పుకుంది.

"గిదేందే, ముసలమ్మ లెక్క ముసుగు?" అంటూ బాలమ్మ చున్నీ లాగింది.

వెనక జడ లేదు. జుట్టు ఒకచోట పొట్టిగా, ఒకచోట పొడుగ్గా, మేక మేసిన చేను లెక్క ఉంది.

"పేలు పడ్డయమ్మా. నేనే కత్తిరించుకున్న," అని సుష్మిత గబగబా చున్నీ సర్దుకుంది.

ఆ తర్వాత అన్నం కూడా గబగబానే తిన్నది. ముద్ద ముద్దకూ బిల్డింగు వైపు చూసింది. మిగిలిన కోడికూర గదికి తీసుకుపొమ్మంటే వద్దన్నది. పోయేటప్పుడు, "వచ్చే ఆదివారం రాకమ్మా, నీకు దూరమైతది," అన్నది.

బస్సులో బాలమ్మకు కూర్చోబుద్ధి కాలేదు. కిటికీ పక్క సీటు దొరికినా లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. పేలు పడితే తన ఒడిలో తల పెట్టి పడుకునే పిల్ల. కత్తెర పట్టుకుంటే ముందు వైపు జుట్టు కత్తిరించుకోవాలి గానీ మెడ వెనక చెయ్యి ఎట్ల పోయింది? తన చెయ్యి వెనక్కి పెట్టి చూసుకుంది. పక్కామె వింతగా చూసింది.

"ఆపన్నా, దిగుత!" అని అరిచింది.

"బల్మూర్ టికెట్ గదమ్మా?" అన్నాడు కండక్టర్.

"కాదు. వెనక్కి పోవాలె."

ఆటో పట్టుకుని తిరిగి వచ్చేసరికి గేటు మూసేశారు. టైం అయిపోయిందన్న ఆయాతో, పెద్ద మేడంను చూడందే కదలనని అక్కడే కూలబడింది. చివరికి వార్డెన్ బయటికొచ్చింది.

"పేలకు కత్తిరించుకున్నదట గదమ్మా. ఇంతమంది ఆడపిల్లలు ఒకచోట ఉన్నంక ఏదో ఒకటి అయితుంటది. నువ్వు పెద్దది చేస్తే నీ బిడ్డకే కష్టం."

"ఎవరితోని కష్టం మేడం?"

వార్డెన్ సుష్మితను పిలిపించింది. ఆ పిల్ల కాలి బొటనవేలితో నేల రాస్తూ, "నన్నెవ్వరు ఏమనలే," అన్నది. మాట చెబుతూనే వరండా చివర నిలబడ్డ పెద్దపిల్లల వైపు చూసింది. ఆ చూపు బాలమ్మకు దొరికింది. ఒక్క రాత్రి ఇంటికి తీసుకుపోతానని పట్టుబట్టింది. వార్డెన్ ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి, విసుక్కుంటూనే పంపింది.

బస్టాండు చేరగానే పిల్ల ఒక్కసారి భగ్గుమన్నది.

"ఎందుకొచ్చినవ్ మళ్ల? నువ్వు అడిగి పోతవ్. ఆడ ఉండాల్సింది నేను!"

జనం తిరిగి చూశారు. బాలమ్మ బిడ్డ చెయ్యి మాత్రం వదల్లేదు. బస్సు ఊరు దాటాక, సుష్మిత కిటికీ వైపు మొహం పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. టెన్త్ చదివే సాయిశ్రీ అక్క, ఆమె దోస్తులిద్దరు రోజూ తనతో బట్టలు ఉతికిస్తున్నారు. ఇంటి నుంచి వచ్చిన కూర గుంజుకుంటున్నారు. జ్వరం వచ్చిన రోజు సుష్మిత ఉతకనన్నది. ఇద్దరు చేతులు పట్టుకుంటే సాయిశ్రీ జడ కోసింది. ఎవరికన్నా చెబితే దొంగతనం అంటగడతామన్నారు.

ఇంటికొచ్చాక మాసయ్యకు ఫోన్ చేస్తే అతను పరేషాన్ అయ్యాడు.

"ఇగ అక్కడ వద్దు. ఇంట్ల ఉంచుకో. నీతోని పత్తి ఏరనీకన్న వస్తది."

"జడ కోసినోల్లు ఆడ సదువుకోవాలె, నా బిడ్డ పత్తి ఏరాలెనా?" అన్నది బాలమ్మ. అన్నదే గానీ తానెవరితో ఎట్లా మాట్లాడాలో ఆమెకూ తెల్వదు. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇంకిపోయింది.

తెల్లారి సుష్మితే అన్నది, "నేనే చెప్తనమ్మా. నువ్వు పక్కన ఉండు."

గురుకులంలో సుష్మిత చెప్పిందంతా ప్రిన్సిపాల్ మేడం విన్నది. సాయిశ్రీని పిలిస్తే, "అంతా అబద్ధం," అన్నది. చేతులు పట్టుకున్న పిల్లల్లో ఒకతె మాత్రం ఏడ్చేసింది. అంతా బయటపడింది. వార్డెన్ తల దించుకుంది.

కబురందుకుని ఇటిక్యాల నుంచి సాయిశ్రీ నాయనమ్మ వచ్చింది. గేటు దగ్గర బాలమ్మవి రెండు చేతులూ పట్టుకుంది.

"తల్లి లేని పిల్లమ్మా. టెన్త్ సంవత్సరం. మేడం టీసీ ఇచ్చి పంపిస్తే ఎటు కాకుండ పోతది. నీ బిడ్డ చెప్పింది అబద్ధమని రాసిచ్చి నువ్వు కంప్లయింటు వాపస్ తీస్కో."

బాలమ్మ చేతులు విడిపించుకోలేకపోయింది.

"అవ్వా, టీసీ ఇయ్యమని నేనడగలే. మేడంకు గూడ గదే చెప్త. ఆ పిల్ల సదువుకోని. కానీ నా బిడ్డ జరిగింది చెప్పింది. దాన్ని అబద్ధమని నేను అనను."

సాయిశ్రీని వేరే బ్లాకుకు మార్చారు. చిన్నపిల్లల గదుల్లోకి పెద్దపిల్లలు పోవద్దన్నారు. రాత్రిపూట ఆయా అక్కడే పడుకోవాలన్నారు. సాయిశ్రీ అందరి ముందూ సుష్మిత ఎదుట తప్పు ఒప్పుకుంది. ఒప్పుకున్నప్పుడు ఆమె కళ్లలో ఏముందో బాలమ్మకు అర్థం కాలేదు. అదే ఆమెను తొలుస్తోంది.

చేన్లో పత్తి తీస్తున్నా చెయ్యి ఒకచోట, మనసొకచోట. హాస్టల్ నుంచి ఫోన్ మోగితే సాలు మధ్యలో నుంచి చెట్టు కిందికి ఉరికింది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న."

వెనక పిల్లల నవ్వులు వినిపించాయి.

"ఎవరే గట్ల నవ్వుతున్నరు? నిన్ను చూసేనా?"

"కాదమ్మా, మా రూము పోరిలు. ఫోన్ తొందరగ పెట్టమంటున్నరు, ఆటకు పోవాలె." సుష్మిత ఆగి, గొంతు తగ్గించింది. "అమ్మా, ఆదివారం వీలైతే రా."

"వస్త," అన్నది బాలమ్మ. ఫోన్ పెట్టేశాక కూడా అవి ఆట నవ్వులేనా అని చెవుల్లో తిప్పి తిప్పి వినుకుంటూ, సాలు దాకా పోయి, మళ్లీ వెనక్కొచ్చి, చెట్టు కింద కాసేపు నిలబడింది.