భ్రమరాంబ చెప్పిన సాక్ష్యము

ఆషాఢమాసప్రభాతమున నవజలధరపటలము గగనతలమును గప్పుచుండ నెఱ్ఱని వరదనీటితో గోదావరి యొడ్డులొరసి పాఱుచుండ నా తీరపట్టణమందలి ప్రసూతివైద్యాలయమునకు భ్రమరాంబ యను గృహిణి యాఱవనెల గర్భవతియగు తన కూతురు హైమవతిని దోడ్కొని వచ్చెను. వైద్యురాలు మందాకిని యామెను జూచినంతనే గుర్తించెను. భ్రమరాంబ మాత్రము గుర్తింపలేదు. ఔరా! కొంప కూల్చినవారికి మఱపెంత సులభము!

తొమ్మిదేండ్ల క్రిందట మందాకిని చెల్లెలు సువర్చల యీ భ్రమరాంబ కోడలు. కాన్పైన పిదప శిశువు వెనుక వెలువడు మావిని, అనగా మాయను, బాతిపెట్టుటకు మున్ను అత్తగారు దానిని బరిశీలించుట యా బంధువర్గమున నాచారము. సువర్చలకు మృతశిశువు పుట్టిననాడు మావిపై గమలాపండంత గడ్డ కనబడగా భ్రమరాంబ యది రంకునకు గుర్తని నలుగురిలో జాటి యా పచ్చిబాలింతరాలిని గెంటివేసెను. నిష్కళంకచరిత్రయగు నా సాధ్వి యపవాదము సహింపజాలక నెల తిరుగకమున్నే గోదావరిలో బడి మరణించెను. నాటినుండియు మందాకిని పగ చల్లాఱలేదు.

స్కానింగులో హైమవతి మావియందును నట్టి గడ్డయే కనబడెను. అది రక్తనాళములు పెనగొని యేర్పడునదియే కాని క్యాన్సరు కాదు. అయినను బెరిగినచో నుమ్మనీటిని మితిమీఱజేసి శిశువునకు రక్తహీనత కలిగించి పసిగుండెను నలయజేయును.

“డాక్టరమ్మా, ఈ గడ్డ సంగతి మా వియ్యపురాలి చెవిన పడనీకండి. నా కూతురి కాపురం కూలిపోద్ది.”

“కూలిపోద్దని మీకెలా తెలుసమ్మా?”

భ్రమరాంబ కూతురి చేయి పట్టుకొని వడివడిగా వెలుపలికి బోయెను.

మందాకిని చేతులు ముడుచుకొని కూర్చున్న జాలును, పగ తీఱును. కాని కడుపులోని పసికందు చేసిన ద్రోహమేమి? మందాకిని వారము వారము స్కానింగు చేయుచు నధికమైన యుమ్మనీటిని సూదితో దీయుచు బొడ్డునాళముగుండ శిశువునకు నెత్తురెక్కించుచు నూపిరితిత్తులు బలపడుటకు దల్లికి సూదిమందిచ్చి ముప్పదినాలుగవ వారమున శస్త్రచికిత్సచే నాడుశిశువును సజీవముగా వెలికిదీసెను.

నాడు సువర్చల కాన్పునకును వచ్చియుండిన వియ్యపురాలు సుభద్రమ్మ బంధువులతో వచ్చి యాచారము చొప్పున మావిని జూపుమనెను. హైమవతికి ముందే యంతయు నెఱిగించి సమ్మతి వడసియున్న మందాకిని దానిని స్వయముగా బళ్లెములో దెచ్చి యందఱియెదుట నుంచెను.

“అమ్మో! ఆ రోజు సువర్చలకొచ్చిన గడ్డే కదా ఇది! ఏంటమ్మా ఇది?” అని సుభద్రమ్మ నివ్వెఱపోయెను.

“నన్నెందుకు అడుగుతారు? ఇదేమిటో తొమ్మిదేళ్ల కిందట భ్రమరాంబగారే నలుగురిలో చెప్పారు. ఇప్పుడూ ఆవిడనే చెప్పమనండి. నేను సువర్చల అక్కని.”

భ్రమరాంబ పళ్లెమువంకను వియ్యపురాలివంకను జూచెను. నాటిమాట పలికినచో గన్నకూతురి బ్రదుకు బుగ్గియగును.

“ఉత్త గడ్డే వదినా. ఎవరి తప్పూ కాదు.”

“గట్టిగా చెప్పండి. ఆ రోజు వీధి చివరిదాకా వినబడిందట.”

“నా కోడలు ఏ తప్పూ చెయ్యలేదు! నేనే దాన్ని పొట్టన పెట్టుకున్నాను!” అని బిగ్గఱగా నేడ్చుచు భ్రమరాంబ క్షమింపుమని పాదములపై బడబోగా మందాకిని రెండడుగులు వెనుకకు జరిగెను. క్షమింపలేదు. చేతులు కడిగికొని శిశువు గుండెచప్పుడు వినుటకై లోనికి బోయెను.